దీక్షలో బరువెక్కిన సిద్ధిరాములు

తెలంగాణ ఉద్యమంలో మా కాలనీ నుంచి నిరాహార దీక్షకు కూర్చున్నవాళ్ళందరూ ఎంతో కొంత చిక్కారు. బరువు పెరిగింది ఒక్క సిద్ధిరాములే. దీక్షలో ఆయన దొంగచాటుగా ఏదో తిన్నాడని కొందరు అన్నారు గానీ అది అబద్ధం. ఆయన పొద్దున కూర్చున్నది మొదలు సాయంత్రం విరమించేదాకా మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టేవాడు కాదు. అయినా పెరిగాడు. అది ఎలా జరిగిందో, ఆ ఏడాది ఆఖరి రోజున ఎల్బీ నగర్ చౌరస్తాలో ఏమైందో చెప్తాను.

సిద్ధిరాములుది పోచంపల్లి పక్క ఊరు. చేనేత కుటుంబం. మీసాలు రాకముందే గుంట మగ్గంలో కాళ్ళు పెట్టాడు. ఆ రోజుల్లో ఎంత సన్నగా ఉండేవాడంటే, నేసిన చీర మడతపెట్టి పక్కన పెడితే చీరే లావుగా కనిపించేదని ఆయన భార్య మాలతి చెప్తుంది. పెళ్ళయ్యాక చీరల మూటలు స్కూటర్ మీద కట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ కొట్లకు వేస్తూ వేస్తూ, చివరికి అక్కడే ఒక సందులో సొంత కొట్టు పెట్టాడు. సరూర్‌నగర్ చెరువు దగ్గర, మా కాలనీలో, రెండంతస్తుల ఇల్లు కట్టాడు. కొట్టు బాగా నడిచింది. ఆయన మాత్రం నడవడం మానేశాడు. పొద్దంతా పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించడం, బేరానికీ బేరానికీ మధ్య ఏదో ఒకటి నమలడం. మాలతి చేసే సకినాలకూ గారెలకూ మా కాలనీలో మంచి పేరు. వాటి మొదటి భోక్త ఎప్పుడూ ఆయనే.

యాభై దాటాక మోకాళ్ళు మొరాయించాయి. చైతన్యపురిలో డాక్టర్ చక్రపాణి దగ్గరికి వెళ్తే, ఆయన రక్తం పరీక్షలు చూసి, చక్కెర రోగం కూడా ఉందని తేల్చి, ఓపిగ్గా ఒక మాట చెప్పాడు.

"మగ్గం మీద పనిచేసినప్పుడు మీరు తిన్నది తిన్నట్టు కాలిపోయేది. ఇప్పుడు కూర్చుని తింటున్నారు కాబట్టి నిల్వ ఉంటోంది. ఎంత తిన్నాం, ఎంత కాలింది అనేదానికి ఒక కొలత ఉంది. దాన్నే క్యాలరీ అంటారు."

"అంటే గోదాంల మాల్ పేరుకపోయినట్టా సార్?"

"సరిగ్గా అదే."

వ్యాపారస్తుడికి అర్థమయ్యేలా చెప్పడమే డాక్టర్ చేసిన పొరపాటు. ఆ రోజు నుంచి సిద్ధిరాములుకు ప్రపంచమంతా క్యాలరీలుగానే కనిపించింది. పెళ్ళి భోజనంలో వడ్డించేవాణ్ణి ఆపి, "తమ్మీ, గీ గులాబ్ జామున్ల ఎన్నుంటయి?" అని అడిగేవాడు. వాడు గిన్నెలో ఎన్ని జామున్లు ఉన్నాయో చెప్పేవాడు. దశదిన కర్మకు వెళ్తే పోయినవాళ్ళ కొడుకుని పక్కకు పిలిచి వడల సంగతి అడిగాడు. ఒకసారి గుడిలో పులిహోర చేతిలో పెట్టుకుని పూజారిని అడిగితే, ఆయన చిరాగ్గా "ప్రసాదానికి అవేమీ ఉండవు నాయనా" అన్నాడు. సిద్ధిరాములు సంతోషపడి మళ్ళీ వరుసలో నిలబడ్డాడు.

ఇలా ఉండగా రెండువేల తొమ్మిది చివర్లో ఉద్యమం ఊపందుకుంది. ఎల్బీ నగర్ చౌరస్తాలో రిలే నిరాహార దీక్షల టెంటు వెలిసింది. వేసింది మట్టయ్య. ఖమ్మం జిల్లా నుంచి వచ్చి టెంట్ హౌస్ పెట్టుకున్న మనిషి. టెంటు, కుర్చీలు, మైకు అన్నీ ఆయనవే కాబట్టి మా కాలనీ జేఏసీకి కన్వీనర్ కూడా ఆయనే అయ్యాడు. రోజుకు కొంతమంది చొప్పున వంతులవారీగా కూర్చోవాలి. సిద్ధిరాములు అడగకముందే ముందుకొచ్చాడు. ఊళ్ళో మగ్గాలు ఒక్కొక్కటే మూలపడడం కళ్ళారా చూసినవాడు. మన రాష్ట్రం మనకొస్తే అవి మళ్ళీ ఆడతాయని నిజంగా నమ్మాడు. పైగా పొద్దంతా తినకుండా ఉండడం ఒంటికి కూడా మంచిదేనని డాక్టర్ అన్నాడు. మిగతావాళ్ళు వారానికోసారి కూర్చుంటే ఈయన రోజు విడిచి రోజు కూర్చున్నాడు.

చిక్కంతా సాయంత్రం వచ్చింది. అయిదింటికి నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేసేవారు. ఆ నిమ్మరసంలో నిమ్మకాయ కంటే చక్కెర ఎక్కువ. అది తాగగానే కాలనీ ఆడవాళ్ళు టిఫిన్లు విప్పేవారు. ఒక గల్లీ పెరుగన్నం తెస్తే ఇంకో గల్లీ బగారా అన్నం, మరో గల్లీ పూరీలు. "పొద్దుగాల నుంచి కడుపుల ఏం లేదు, తిను అన్నా" అని కొసరి కొసరి పెట్టేవారు. ఎవరిది వద్దన్నా ఆ గల్లీకి కోపం. సిద్ధిరాములు ఉద్యమంలో ఐక్యత దెబ్బతినకూడదని అందరిదీ తిన్నాడు.

కొన్నాళ్ళకు డాక్టర్ చక్రపాణి ఆయన్ని కాటా మీద నిలబెట్టి, ఒకసారి దింపి, మళ్ళీ నిలబెట్టి చూశాడు.

"మీరు కూర్చున్నది దీక్షలోనా, పెళ్ళిలోనా?"

సిద్ధిరాములు మొహం చిన్నబోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే యోహానా వచ్చింది. ఆమెది హాలండ్ దేశం. పోచంపల్లి ఇక్కత్ బట్ట కొనుక్కుపోయి వాళ్ళ ఊళ్ళో అమ్ముకుంటుంది. ఏటా డిసెంబర్‌లో వచ్చి, సిద్ధిరాములునే వెంటబెట్టుకుని నేతగాళ్ళ ఇళ్ళకు తిరుగుతుంది. ఈసారి ఆయన దీక్షలో ఉన్నాడని ఒక్కతే వెళ్ళింది. తిరిగొస్తుంటే బంద్. ఆమె కారును ఎల్బీ నగర్‌లో ఆపేశారు. టెంటులో కూర్చున్న సిద్ధిరాములు ఆమెను గుర్తుపట్టి లేచి వెళ్ళాడు.

"మట్టయ్యా, గామె మా బేరం మనిషి. ఇడిసిపెట్టు."

"ఏ ఊరు?"

"హాలండ్."

"ఆంధ్రా అయితే గాదు గదా?"

"గాదు."

"అయితే పోనియ్యి" అన్నాడు మట్టయ్య. అప్పటికే ఎవరో కారు టైర్లలో గాలి తీసేశారు. దీక్ష విరమించాక సిద్ధిరాములు ఆమెను నడిపించుకుంటూ ఇంటికి తీసుకొచ్చాడు. మాలతి ఆమెకు ముందు గది ఇచ్చింది. యోహానా అనే పేరు మాలతి నోట్లో పడి యోహానమ్మ అయింది.

మర్నాడు డిసెంబర్ ఆఖరి రోజు. యోహానమ్మ ఉదయం నుంచి దిగులుగా కిటికీ దగ్గర కూర్చుంది. ఏమైందో అడుగుదామంటే బేరానికి పనికొచ్చే నాలుగు మాటలు తప్ప ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు. పై పోర్షన్‌లో కిరాయికి ఉండే త్రినాథరావును పిలిచారు. ఆయన బ్యాంకు ఆఫీసరు. బందరు మనిషి. చాలా ఏళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంటున్నాడు. ఉద్యమం మొదలయ్యాక ఇంటాయనా, ఆయనా రాష్ట్రం సంగతి ఒక్కటి తప్ప అన్నీ మాట్లాడుకునేవారు. మాట్లాడ్డానికి ఏమీ మిగలక ఎక్కువగా నల్లాలో వచ్చే మంజీరా నీళ్ళ గురించి మాట్లాడుకునేవారు.

త్రినాథరావు ఆమెతో కాసేపు మాట్లాడి చెప్పాడు. "ఏం లేదండీ. వాళ్ళింట్లో అయితే ఈ రోజు పొద్దుటి నుంచీ మూకుడు పొయ్యి మీద ఉండేదట. కొత్త సంవత్సరానికి అదే పిండివంటట. ఓలీబోలెన్ అంటారట."

"ఓలా? గిప్పుడెవలి పెండ్లి?" అంది మాలతి.

"ఆ కన్యాశుల్కం ఓలి కాదండీ. నూనె ఉండలని అర్థమట. మైదా, పాలు, గుడ్లు, కిస్‌మిస్ కలిపి పులియబెట్టి నూనెలో వదులుతారట. పైన పంచదార పొడి చల్లుతారట."

"గింతేనా? మనం జేద్దాం తియ్యి" అంటూ మాలతి కొంగు బిగించింది.

తన వంతు కాకపోయినా ఆ రోజు కూడా దీక్షకు బయల్దేరుతున్న సిద్ధిరాములు చెప్పులు వేసుకుంటూ ఆగాడు. "రావు సార్, ఒక్కోదాంట్ల ఎన్ని క్యాలరీలుంటయో అడుగుండ్రి."

త్రినాథరావు అడిగాడు. యోహానమ్మ పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. చాలాసేపు నవ్వింది.

"ఒక్కోటీ రెండొందల దాకా ఉంటాయంటోంది. కానీ వాళ్ళ దేశంలో ఈ ఒక్క రోజూ ఆ మాట ఎవరూ ఎత్తరట. రేపటి నుంచి దేశమంతా అదే మాట్లాడుకుంటుందట."

"ఒక్కోటి రెండొందలా! ఒక్కో మనిషి ఎన్ని తింటరట?"

"ఆరేడు తినేస్తామంటోందండీ."

సిద్ధిరాములు మెట్టు మీద కూలబడ్డాడు. "దేశం దేశమంత ఒక్కనాడే గిట్ల తింటే భూమి కిందికి దిగదా సార్?"

"వాళ్ళ దేశంలో చాలా మేర సముద్రం కంటే కిందే ఉందటండీ" అన్నాడు త్రినాథరావు.

సిద్ధిరాములు లేచి దీక్షకు వెళ్ళిపోయాడు.

పిండి దగ్గరే అసలు కథ నడిచింది. బంద్ వల్ల మూతబడ్డ బేకరీ వాడు, ఎలాగూ పాడైపోతుందని, తన దగ్గరున్న ఈస్ట్ అంతా ఇచ్చేశాడు. ఎంత వెయ్యాలని మాలతి అడిగితే యోహానమ్మ టేబుల్ స్పూన్ అని చెప్పింది. త్రినాథరావు ఒక క్షణం ఆలోచించి "గరిటెడు" అన్నాడు. టేబుల్ మీద పెట్టుకునే పెద్ద స్పూను గరిటే కదా అని ఆయన ఉద్దేశం. మాలతి ఇంట్లో గరిటెలు పెళ్ళిళ్ళకు వాడే రకం. పైగా పండగ పిండివంట అంటే కాలనీ అంతటికీ పంచాలి కదా అని మైదా కూడా ధారాళంగా పోసి, గంగాళంలో కలిపి, మూతపెట్టింది.

గంటలో మూత లేచింది. మాలతి దాని మీద సన్నికల్లు పెట్టింది. ఇంకాసేపటికి సన్నికల్లు కూడా లేచింది. పిండి గంగాళం అంచు మీదుగా నాలుగువైపులా దిగి, వంటింటి గడపవైపు మెల్లగా జరగడం మొదలుపెట్టింది. యోహానమ్మ వచ్చి చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుని, వాళ్ళ భాషలో ఏదో అంది. త్రినాథరావు అది తర్జుమా చెయ్యలేదు.

అప్పుడే మట్టయ్య ట్రాలీ ఆటో వేసుకుని వాకిట్లోకి వచ్చాడు. ఆ రోజు చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తిని నిరసన తెలపాలి. గిన్నెల కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నాడు.

"వదినా, మీ గంగాళం గావాలె."

"గంగాళం ఒక్కటెట్ల ఇయ్యాలె అన్నా? పిండి ఆగుతలేదు. పిండితోటే ఎక్కియ్యి" అంది మాలతి.

గంగాళం ఎక్కింది. పొంగుతున్న పిండిని లోపలికి అదుముతూ మాలతి, పక్కన యోహానమ్మ, ఆమె ఏం చెప్తుందో చెప్పడానికి త్రినాథరావు, అందరూ ట్రాలీలోనే ఎక్కారు. బందరు నుంచి వచ్చిన బ్యాంకు ఆఫీసరు తెలంగాణ జెండాలు కట్టిన ట్రాలీలో, చేతులు మోచేతుల దాకా మైదాలో పెట్టుకుని కొత్తపేట మీదుగా ఊరేగడం మా కాలనీ వాళ్ళం చాలామందిమి చూశాం.

చౌరస్తాలో రాళ్ళ పొయ్యి మీద పెద్ద మూకుడు పెట్టారు. యోహానమ్మ రెండు చెంచాలతో పిండిని ఉండ చేసి వదుల్తుంటే, మాలతి చూసి, "గట్లయితె పొద్దుగూకుతది" అని చేత్తో బొటనవేలి ఒడుపుతో టపటపా వదిలింది. పిండి నూనెలో పడగానే నారింజపండంత అయి దానంతటదే బోర్లా తిరుగుతోంది. చక్కెర పొడి చల్లి పంచడం మొదలుపెట్టగానే బంద్ చేసేవాళ్ళు, బంద్‌లో చిక్కుకున్నవాళ్ళు, బందోబస్తుకు వచ్చిన పోలీసులు ఒకే వరుసలో నిలబడ్డారు.

వాసన నేరుగా దీక్ష టెంటులోకి కొట్టింది. దండ వేసుకుని ముందు వరుసలో కూర్చున్న సిద్ధిరాములు కళ్ళు మూసుకున్నాడు. అప్పుడే డాక్టర్ చక్రపాణి బీపీ చూడడానికి వచ్చాడు.

"డాక్టర్ సాబ్, వాసనకు క్యాలరీలుంటయా?"

"ఉండవు."

"ఉంటయి సార్. నాకు ఎక్కుతున్నట్టే ఎరుకైతున్నది."

ఇంతలో పొయ్యి దగ్గర గొడవ లేచింది. వరుసలోని ఒక కుర్రాడు చేతిలోని ఉండను విరిచి చూసి, "ఏందన్నా గిది, బోండా లెక్కనే ఉన్నది. ఆంధ్రా టిఫిన్ మన వంటావార్పుల పెట్టిండ్రా?" అన్నాడు. మట్టయ్య పరేషాన్ అయ్యాడు. తన ఆధ్వర్యంలో తప్పు జరిగిందేమోనని, "ఆపుండ్రి, మంట తియ్యుండ్రి" అని అరిచాడు. ఇది హాలండ్ వాళ్ళదని మాలతి ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. సర్దిచెప్పబోయి త్రినాథరావు మధ్యలోకి వచ్చాడు.

"ఏవండీ, ఇది నిజంగా హాలండ్ వాళ్ళదేనండీ. మా బందర్లో వలందపాలెం అని ఉంది. పూర్వం ఈ హాలండ్ వాళ్ళు వచ్చి ఉన్న చోటండీ అది. బహుశా మా వాళ్ళే చూసి నేర్చుకుని బోండా చేసుంటారు" అన్నాడు, చివర్లో గొంతులో కొంచెం గర్వం కూడా పలికింది.

గొడవ రెట్టింపయింది. "జూసినవా, ఆంధ్రోళ్ళదేనని ఆయనే ఒప్పుకుండు!" అన్నారు. అయితే బందరు పేరు వినగానే మట్టయ్యలో ఏదో మారింది.

"ఆగుండ్రి! హాలండోళ్ళు బందరుకే ఒచ్చిండ్రా? మా ఖమ్మం జిల్లల నాగులవంచకు రాలే? ఆడ వాళ్ళ యాపారపు కోఠీ ఉండె. మా తాత చెప్తుండె. గీ వంట ఒచ్చిందంటే ముందుగాల మా నాగులవంచకే ఒచ్చింది. మంట పెట్టుండ్రి!"

మంట పెట్టారు. మట్టయ్య మైకులో ఓలీబోలెన్ తెలంగాణ వంటకమేనని తీర్మానం ప్రవేశపెట్టాడు. అందరూ చేతులెత్తారు. ఉండలు పట్టుకున్న చేతులు కూడా లేచాయి.

యోహానమ్మకు ఏమీ అర్థం కాక త్రినాథరావును అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె తలూపి ఏదో చెప్పింది. అది విన్న త్రినాథరావు చేతులకంటిన పిండి గీక్కోసాగాడు.

"ఏమన్నది సార్?" అని టెంటులోంచి సిద్ధిరాములు కేక వేశాడు.

"ఏం లేదండీ. బాగుందంటోంది."

"గంతసేపు మాట్లాడింది బాగున్నదనా? రావు సార్, గరిటె లెక్క జెయ్యకుండ్రి. ఉన్నదున్నట్టు చెప్పుండ్రి."

గరిటె సంగతి అప్పటికే టెంటు దాకా పాకిందని తెలిసి త్రినాథరావుకు ఆ మాట తగిలింది. ఇకపై ఆమె మాట ఒక్కటి కూడా మార్చకూడదని ఆయన మనసులో అనుకున్నాడట. మట్టయ్య ఆయన చేతిలో మైకు పెట్టాడు. యోహానమ్మ చెప్తుంటే, చెమటలు పట్టిన మొహంతో ఆయన తెలుగులో చెప్పుకుంటూ పోయాడు.

"మాకూ ఇలాంటి గొడవ ఉందండీ... అంటే, ఆవిడ అంటోంది. పూర్వం పక్కనున్న బెల్జియం, మేము ఒకటే దేశం. వాళ్ళు విడిపోతామన్నారు. మా రాజుగారికి కోపం వచ్చి సైన్యాన్ని పంపాడు. పది రోజులకే అది వెనక్కి వచ్చేసింది. వాళ్ళు విడిపోయారు."

వరుసలోని జనం మైకు చుట్టూ మూగారు.

"విడిపోయినా ఏమీ కాలేదు. ఇప్పుడు పండగలకు వాళ్ళు మా ఊళ్ళకు వస్తారు, మేం వాళ్ళ ఊళ్ళకు వెళ్తాం. ఇదే పిండివంట వాళ్ళూ చేస్తారు, పేరే వేరు. ఎవరిది ముందన్నది ఇంకా తేలలేదు. మాదే రుచి ఎక్కువ. ఈ చివరి మాట ఆవిడదండీ, నాది కాదు."

చౌరస్తా దద్దరిల్లింది. జై తెలంగాణ అని ఒక వైపు, జై బెల్జియం అని ఇంకో వైపు. బెల్జియం అంటే ఏమిటో తెలియని మనిషి కూడా గొంతు చించుకున్నాడు. ఎవరో త్రినాథరావును భుజాల మీదికి ఎత్తారు. ఆయన పైనుంచి "నేను అనువాదకుణ్ణి మాత్రమేనండీ" అంటూనే ఉన్నాడు. మర్నాడు ఒక పేపర్లో స్థానిక వార్తల జోన్ పేజీలో ఆ ఫోటో వచ్చింది. కింద "ఉద్యమానికి బందరు వాసి మద్దతు" అని రాశారు. బందరు నుంచి ఆయన అన్నయ్య ఫోన్ చేసి, పెద్దగా ఏమీ అనకుండా, "అమ్మకి చూపించలేదులేరా" అని పెట్టేశాడట.

ఆ రోజు అయిదయ్యేసరికి నిమ్మకాయలు అయిపోయాయి. దీక్ష ఎలా విరమింపజెయ్యాలో తెలియక అందరూ చూస్తుంటే, యోహానమ్మ ఒక ఓలీబోలెన్ తెచ్చి సిద్ధిరాములు నోటి దగ్గర పెట్టింది. ఆయన మాలతి వైపు చూశాడు. ఆమె "తినుండ్రి, ఈ ఒక్కరోజు ఎవలు అడగరంట గదా" అంది. తిన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకోటి తీసుకున్నాడు. తర్వాత పళ్ళెం తన ఒళ్ళోకి లాక్కున్నాడు. ఆ రోజు లెక్క ఆయనా పెట్టుకోలేదు, మేమూ పెట్టలేదు.

ఫలితం తర్వాతి వారం కాటా మీద తేలింది. డాక్టర్ చక్రపాణి నేరుగా టెంటుకే వచ్చి మట్టయ్యతో చెప్పాడు. "ఈయన్ని ఇంక దీక్షలో కూర్చోబెట్టొద్దు. ఇంకొన్ని దీక్షలు చేస్తే మనిషి దక్కడు."

సిద్ధిరాములు నిజంగా ఏడ్చాడు. "ఉద్యమంలకెల్లి తీసేస్తున్నరా నన్ను? తినకుండ కూసునుడు గూడ నాకు చాత కాలేదా?" అని రెండు రోజులు కొట్టు కూడా తెరవలేదు. మాలతి వెళ్ళి మట్టయ్యతో మాట్లాడింది. మట్టయ్య ఆలోచించి, ఎల్బీ నగర్ నుంచి బాటసింగారం దాకా పాదయాత్ర ప్రకటించి, జెండా పట్టుకుని ముందు నడిచే పని సిద్ధిరాములుకు అప్పగించాడు.

హయత్‌నగర్ రాకముందే ఆయన కాళ్ళకు బొబ్బలెక్కాయి. అయినా జెండా ఎవరికీ ఇవ్వలేదు. దారిలో ఊళ్ళవాళ్ళు మజ్జిగ ఇచ్చారు తప్ప పూరీలు ఎవరూ పెట్టలేదు. బాటసింగారంలో లారీ నీడన కూర్చుని మోకాళ్ళు పట్టుకుని మూలిగాడు గానీ, మొహంలో తృప్తి ఉంది. అలాంటివి ఇంకొన్ని నడిచాడు. సంక్రాంతి పోయి శివరాత్రి వచ్చేసరికి బొత్తాలు పెట్టుకోలేని చొక్కాలు మళ్ళీ బయటికి తీశాడు. చక్కెర రోగం కూడా లొంగిందని డాక్టర్ చక్రపాణి తన దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ చెప్పాడు.

దాంతో ఆ తర్వాతి పాదయాత్రకు జనం విరగబడ్డారు. మట్టయ్య ఉప్పొంగిపోయాడు. దగ్గరికెళ్ళి చూస్తే సగం మందికి కాళ్ళకు కాన్వాసు బూట్లు, చేతిలో నీళ్ళ సీసాలు. అందరి కంటే వెనకాల, కొంచెం ఎడంగా, జెండాలు లేకుండా ఒక గుంపు వస్తోంది. అందులో త్రినాథరావు కూడా ఉన్నాడు.

"గా ఎనకున్నోళ్ళెవలు?" అని మట్టయ్య సిద్ధిరాములును అడిగాడు.

"చైతన్యపురి, కొత్తపేట ఆంధ్రోళ్ళు."

"మనతోని ఎందుకొస్తున్నరు?"

సిద్ధిరాములు ఆగి, త్రినాథరావు దగ్గరికి వచ్చేదాకా చూసి, ఆ ప్రశ్న ఆయన్నే అడిగాడు.

"మేం వాకింగండీ" అన్నాడు త్రినాథరావు రొప్పుతూ.

మట్టయ్య వాళ్ళను వద్దనలేదు. సాయంత్రం పేపర్ల వాళ్ళకు పాదయాత్రలో ఎంతమంది పాల్గొన్నారో చెప్పేటప్పుడు వాళ్ళను కూడా కలిపేశాడు.